రాజు పోయాడు... కట్ట నిలిచింది

కంభం చెరువు నుంచి చందవరం స్తూపం దాకా, గుండ్లకమ్మ వెంట పశ్చిమ ప్రకాశం కాలినడకన

ఎడిన్‌బరోలో రాయల్ మైల్ అని ఒక వీధి ఉంది. కొండ మీది కోట దగ్గర మొదలై, దిగువకు జారుకుంటూ వచ్చి హోలీరూడ్ రాజభవనం గుమ్మంలో ఆగుతుంది. పాతకాలపు స్కాట్లండ్ కొలతలో ఒక మైలు. మన లెక్కలో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. పైచదువులకని వెళ్లిన మన పిల్లలు దిగిన కొద్దిరోజులకే దాన్ని నడిచేస్తారు. గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు ముందు, జనం వెనక. మేరీ రాణి ఉన్న గదులివి, ఫలానా వాణ్ని ఉరి తీసిన చోటిది, డేవిడ్ హ్యూమ్ విగ్రహమిది, దాని కాలి బొటనవేలు తాకితే చదువు వంటబడుతుందట... ఇలా సాగుతుంది వరస. ఆ వేలు తాకీ తాకీ జనం దానికి మెరుగు పెట్టేశారు.

ఆ గుంపులో మార్కాపురం, కంభం, గిద్దలూరు పిల్లలూ ఉంటారు. సొంతూరి గురించి కదిపితే మాత్రం, ‘మా వైపు ఏముందంకుల్, ఎండ తప్ప’ అంటారు.

ఎండ సంగతి నిజమే. కోటలూ మేడలూ లేవన్నదీ నిజమే. విజయనగరం వాళ్లు ఏలారు, గోల్కొండ వాళ్లు ఏలారు, నవాబులు, నిజాం, 1800 తర్వాత కుంపిణీ ఏలింది. కడప జిల్లాలో ఉన్న ఈ సీమను 1858లో కర్నూలుకు మార్చారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుడితే అందులో కలిపారు. ఇన్ని చేతులు మారిన నేల మీద రాజుల ఇళ్లు మిగల్లేదు. జనానికి రోజూ పనికొచ్చినవి మాత్రం మిగిలాయి. ఒక చెరువు కట్ట, ఒక కోనేరు, శాసనం చెక్కిన ఒక బండ, ఇంకా పలక. వీటిని బస్సు కిటికీలోంచి చూస్తే ఏమీ కనిపించదు. ఊరికీ ఊరికీ మధ్య ఆర్టీసీ ఎటూ తప్పదు గానీ, ఊళ్లో దిగాక కాళ్లకే పని చెప్పాలి. దారి వెతుక్కోనక్కర్లేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ ఎటు పోతే అటే.

రెండు కొండల మధ్య సందు

కంభం చెరువు కట్ట ఎక్కిన కొత్తవాళ్లకు ముందు కలిగే అనుమానం ఒకటే. ఇంత చెరువుకు కట్ట ఇంతేనా? ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. కాళ్ల కింద కట్ట చూస్తే పొట్టి. గొప్పతనమంతా ఆ పొట్టితనంలోనే ఉంది. ఎదురెదురుగా వచ్చిన రెండు కొండలు మధ్యలో ఒక సందు వదిలి ఆగిపోయాయి. గుండ్లకమ్మ ఆ సందులోంచే బయటపడేది. కట్టినవాళ్లు సందును మూశారు. మిగతా పని కొండలు చేశాయి. కట్ట ఎత్తు 57 అడుగులు. వెనక సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున నీరు నిలుస్తుంది. 430 చదరపు మైళ్ల నేల మీద పడిన వాన ఇక్కడికే చేరుతుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి లెక్కల్లో దీని కింద 10,300 ఎకరాల సాగు ఉంది.

ఈ పద్ధతి గాలివాటున తట్టింది కాదు. గిద్దలూరు నుంచి దక్షిణంగా పోతే వచ్చే పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు అందులో ఏకరువు పెట్టారు. తియ్యటి నీటి ఏరు ఉండాలి, రెండు కొండలు దగ్గరికి రావాలి, నడుమ కట్టే కట్ట మరీ పొడవు కాకుండా రాతితో గట్టిగా ఉండాలి, లోపల నేల లోతుగా విశాలంగా ఉండాలి, కట్టడం తెలిసిన పనివాళ్లు ఉండాలి. ఇంజినీరింగ్ కాలేజీలు లేని రోజుల్లో రాతి మీద వేసిన పాఠ్యపుస్తకం అది. ఆ జాబితాను చేత్తో పట్టుకుని కంభం కట్ట మీద నిలబడితే ఒక్కో షరతుకూ టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు.

కట్టించిందెవరంటే కంభంలో అందరూ చెప్పే పేరు వరదరాజమ్మ. కృష్ణదేవరాయల భార్య, ఓఢ్ర గజపతి కూతురు. యుద్ధంలో ఓడిన తండ్రి సంధిలో భాగంగా కూతుర్ని ఇచ్చాడు. ఇద్దరికీ పొసగలేదు, ఆమె రాయలకు దూరంగా కంభంలో ఉండిపోయింది, ఆ ఒంటరితనంలోనే ఈ చెరువు తవ్వించింది అని జనం చెప్పుకునే కథ. తుక్కాదేవి అన్న పేరుతో, తనను పట్టించుకోని మొగుడి మీద ఐదు సంస్కృత శ్లోకాలు చెప్పిందనే కథా ఉంది. చరిత్రకారులు ఈ పేర్ల దగ్గర తలో దారి పడతారు. కంభం రైతుకు ఆ గొడవ లేదు. రాయల దిగ్విజయాలు ఆయనకు బడి పుస్తకంలో పాఠం, రాణిగారి చెరువు ఇంట్లో వడ్లు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి వ్యవస్థల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు పోరుమామిళ్ల చెరువుకు, కేసీ కాలువకు కూడా ఆ గుర్తింపు దక్కింది. ఆ కబురు కట్ట మీదికి ఎంతవరకు చేరిందో తెలియదు గానీ, బర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

‘‘యాడ్నుంచి నాయనా?’’

‘‘ఒంగోలు నుంచి, పెద్దాయనా.’’

‘‘బండి యాడ పెట్టినావు?’’

‘‘బండి లేదు. నడుచుకుంటానే వచ్చా.’’

‘‘ఏం పని మీద?’’

‘‘పనేం లేదు. చెరువు చూద్దామని.’’

‘‘ఇప్పుడేం చూస్తావు? అలుగు పారేటప్పుడు రా. అప్పుడైతే నేను గూడా చూస్తా.’’

ఆయన మాటలో లెక్క ఉంది. ఇది ఏటా నిండే చెరువు కాదు. నల్లమలలో వాన గట్టిగా పడిన ఏడు అలుగు దూకితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కట్ట మీదే ఉంటాయి. వాన మొహం చాటేసిన ఏళ్లలో ఇదే చెరువు కడుపులో పశువులు మేస్తాయి. కట్ట వెంట ఆ చివరి దాకా నడిస్తే ఒక పక్క నీటి గాలి, ఇంకో పక్క కింద వరి మళ్ల పచ్చదనం. ఈ చివర కొండ, ఆ చివర కొండ. రెండువైపులా ఒకేసారి చూడటానికి మధ్యలో ఆగాలి. బైకు మీద పోయేవాళ్లు ఆగరు.

కంభానికి దగ్గర్లోనే బేస్తవారిపేట వైపు మోక్షగుండం ఉంది. విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన పూర్వీకులు ఇక్కణ్నుంచి మైసూరు సీమకు వలస వెళ్లారు. ఆయన పుట్టింది ముద్దెనహళ్లిలో. 1908 వరదల తర్వాత హైదరాబాదును మూసీ నుంచి కాపాడే పథకం వేసిన ఇంజినీరు తాతముత్తాతలు కంభం చెరువు పొరుగువాళ్లు అనుకుంటే సంతోషంగానే ఉంటుంది. అంతకు మించి ముడిపెడితే అతిశయం అవుతుంది.

గిద్దలూరును ఈ కథనంలో త్వరగా దాటుతున్నాను. అక్కడ నడక కంటే రైలు బాగుంటుంది కాబట్టి. గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నంద్యాల వైపు నల్లమలలోంచి పోయే లైను, ఒకప్పుడు మీటరుగేజి మీద బందరు రేవుకూ గోవా తీరానికీ మధ్య నడిచిన దారి. రాచర్ల మండలంలో జేపీ చెరువు దగ్గర అడవిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది. శనివారం వెళితే స్వామితో పాటు గుండంలోకి దూకే గుండ్లకమ్మ కూడా కనిపిస్తుంది. మిగతా రోజుల్లో అడవి అడవిదే.

లారీ ఎక్కేదాకే మా లెక్క

జిల్లా కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిన ఊరు మార్కాపురం. మారిక అనే గొల్లభామ భక్తికి మెచ్చి చెన్నకేశవుడు వెలిశాడని, ఊరికి ఆమె పేరే పడిందని స్థలపురాణం. రైల్లో వచ్చేవాళ్లు దిగేది మార్కాపురం రోడ్ స్టేషన్లో. ఊరు అక్కణ్నుంచి ఎడంగా ఉంటుంది. నడక మొదలుపెట్టాల్సింది లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి దగ్గర. గాలిగోపురం దాటి లోపలికి పోతే విజయనగర కాలపు రాతిస్తంభాల మండపం. పూలు, కొబ్బరికాయలు అమ్మే సందడంతా బయటే ఆగిపోతుంది. మధ్యాహ్నం పూట ఆ బండల మీద పడుకున్నవాళ్లను పూజారులు కూడా లేపరు. రాయి చల్లదనం తెలిసిన ఊరు ఇది.

ఆ మాట ఊరికే అనలేదు. మార్కాపురం అంటే తెలుగు దేశంలో రెండు తరాలకు గుర్తొచ్చేది పలక. బడిసంచిలో నోటుబుక్కు ఒంటరిగా రాజ్యం ఏలక ముందు, చెక్క చట్రం బిగించిన నల్లపలక మీదే అ ఆలు దిద్దాం. ఉమ్మేసి చేత్తో తుడిచి అయ్యవారి చేత దెబ్బలు తిన్నాం. ఆ పలకల్లో చాలా భాగం ఈ చుట్టుపక్కల గనుల నుంచి వచ్చిందే. బలపమూ అంతే.

విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్లను పరిశీలించి 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఈ పలక రాయి వరసకు భూగర్భ శాస్త్రంలో కంభం పేరే ఉంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. ఏదో సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. ఆ చీలే గుణమే ఇక్కడి జనానికి అన్నం పెట్టింది.

ఊరి బయట ఒక షెడ్డు దగ్గర ఆగితే పని చూడొచ్చు. బెంచీ అంత మందం దిమ్మను నిలువునా పెట్టుకుని కూర్చుంటారు. ముందు సుత్తితో తడతారు. ఖంగుమంటే రాయి మంచిది, బద్దగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. ఆ తర్వాత వెడల్పాటి పలచని ఉలిని అంచున ఆనించి చిన్నగా ఒక దెబ్బ. ఉలి కాస్త జరిపి ఇంకో దెబ్బ. బలం ఎక్కడా కనిపించదు. నాలుగైదు దెబ్బలకు సన్నని గీత రాయి పొడవునా పాకుతుంది. ఉలిని కొంచెం మెలితిప్పితే పెనం మీంచి దోసె లేచినట్టు పొర లేచి వస్తుంది. లోపలి ముఖం కొత్తది. ఎవరూ నునుపు చేయకుండానే నునుపుగా ఉంటుంది. కోట్ల ఏళ్లుగా వెలుతురు తగలని ఆ ముఖాన్ని ముందుగా చూసేది ఆ ఉలి పట్టిన మనిషే.

పొరలను పేర్చుతున్న ఒకామెను అడిగాను, ‘‘ఇవన్నీ యాడికి పోతాయి చిన్నమ్మా?’’ అని.

‘‘మాకేం తెలుసన్నా. లారీ ఎక్కేదాకే మా లెక్క.’’

లారీ ఎక్కినవి ఓడ కూడా ఎక్కుతున్నాయి. బడిపిల్లల పలకకు గిరాకీ తగ్గాక మార్కాపురం గోడలకు, నేలకు, ఇంటి కప్పులకు వేసే డిజైను పలకల వైపు మళ్లింది. నలుపు, బూడిద, ఆకుపచ్చ, తుప్పు రంగు. అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి. ఎడిన్‌బరో పాత ఇళ్ల కప్పులు చాలావరకు పలక రాయివే. స్కాట్లండ్‌కు ఆ రాయి ఇచ్చిన పేరున్న గనుల్లో ఒకటైన బాలహూలిష్ 1955లో మూతబడింది. అక్కడి కప్పులకు ఇప్పుడు వేరే దేశాల రాయే గతి. వానలో తడిసి మెరిసే ఆ కప్పుల్ని ఫోటో తీసి పంపించే పిల్లలు, వాళ్ల నాన్న పనిచేసే షెడ్డు ఫోటో ఎప్పుడూ పంపించరు.

షెడ్డులో కోత యంత్రం తిరిగినంతసేపూ పొడి లేస్తుంది. కనుబొమల మీద, కండువాల మీద, టీ గ్లాసుల మీద అదే. ఈ సిలికా పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. సిలికోసిస్ అంటారు, వచ్చాక పోదు. నీళ్లు చిమ్ముతూ కోస్తే పొడి అణుగుతుంది, మంచి మాస్కు పెట్టుకుంటే మేలు. నేను చూసినచోట మూతికి కట్టుకున్నది తువ్వాలే. అందమైన కప్పు గురించి రాసేవాళ్లు ఈ తువ్వాలు గురించి కూడా రాయాలి.

గోడ మీద ప్రభుత్వం మారింది

ఈ నడకలో ఒక్కచోటికే సమయం ఉందంటే నేను త్రిపురాంతకం చెప్తాను. శ్రీశైలానికి తూర్పు ద్వారం. మిగతా మూడు సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కొండ దిగువన చెరువు నడుమ బాలాత్రిపురసుందరి. జనం ఎక్కువగా అమ్మవారి దగ్గరే ఉంటారు. దర్శనం చేసుకుని కారెక్కేస్తారు. పైకి నడిచేవాళ్లు తక్కువ. అందుకే పైన తీరిగ్గా చూడొచ్చు.

చూడాల్సింది శాసనాలు. కాకతీయులు, వెలనాటి చోళులు, కాయస్థులు, విజయనగరం వాళ్లు, గజపతులు... దక్షిణాదిన చక్రం తిప్పిన ప్రతివాడూ ఈ కొండ మీద ఏదో ఒక రాయి చెక్కించాడు. భూమి ఇచ్చాను, దీపానికి గొర్రెలు ఇచ్చాను అన్న మాటల పక్కనే రాజకీయం నడుస్తుంటుంది.

ఒక్క ఉదాహరణ. కాయస్థ అంబదేవుడు కాకతీయుల సామంత వంశంవాడు. రుద్రమదేవి మీద తిరగబడ్డాడు. ఆ పోరులోనే ఆమె మరణించి ఉంటుందని, నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి 1289 నవంబరు నాటికే ఆమె లేదని చరిత్రకారుల అంచనా. 1290లో అంబదేవుడు త్రిపురాంతకంలో శాసనం వేయించి, తాను ఎవరెవర్ని ఓడించాడో పేరుపేరునా చెక్కించుకున్నాడు. తనంతవాడు లేడన్న ధీమా ఆ రాతలో కనిపిస్తుంది. మరుసటి ఏడు రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడి సేనలు దిగాయి. 1291 శాసనం నాటికి త్రిపురాంతకంలో దానాలిస్తున్నది కాకతీయుల దండనాయకులు. అంబదేవుడి పేరు మళ్లీ ఇక్కడ కనిపించదు. ప్రభుత్వం మారితే శిలాఫలకాలు మారడం మనకు కొత్తేం కాదు. కాకపోతే అప్పట్లో పాత ఫలకాన్ని పీకేయలేదు.

ఈ రాళ్ల పక్కన చదివి చెప్పే మనిషి లేడు. ఎడిన్‌బరోలో ఒక ఉరికంబం చోటుకే గైడు పావుగంట కథ చెప్తాడు. రుద్రమదేవి చివరి యుద్ధానికి సాక్ష్యమిచ్చే బండ పక్కన మనం చెప్పుల స్టాండు పెడతాం.

నడిచి, అడిగి, రాసుకునే అలవాటు ఈ నేలకు లేకపోలేదు. స్కాట్లండ్‌లో లూయిస్ దీవి నుంచి వచ్చిన కుంపిణీ అధికారి కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం చూసి తన దినచర్యలో రాసుకున్నది 1798లో అచ్చయింది. ఆ తర్వాత ఆయన తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల సహాయకులు ఊరూరా తిరిగి కరణాల నోట, తాటాకుల నుంచి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. ఆ దొరకు తెలుగు రాదు. తెలిసినవాళ్లు మనవాళ్లే. అరిగిన చెప్పులూ మనవాళ్లవే.

కాన్‌బెరా దాకా వెళ్లొచ్చిన రాయి

గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండ మండలంలో చందవరం. కొండ మీద రెండు అంతస్తుల వేదిక ఉన్న బౌద్ధ స్తూపం. 1964లో బయటపడింది, 1970లలో తవ్వారు. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులు ఉన్నారు. కాశీ నుంచి కంచికి పోయేవాళ్లకు ఇది మజిలీ అంటారు. అమరావతిలాగే సున్నపురాయి ఫలకాలు, వాటి మీద బుద్ధుడికి మొక్కే జనం.

ఆ ఫలకాల్లో ఒకటి ఇక్కణ్నుంచి దొంగిలించారు. అది న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలోని నేషనల్ గ్యాలరీకి చేరింది. మూడో శతాబ్దపు ‘బుద్ధుణ్ని ఆరాధిస్తున్నవాళ్లు’ అని దానికి పేరు పెట్టి అద్దాల వెలుగులో నిలబెట్టారు. పదేళ్లకు పైగా జనం దాని ముందు నిలబడి మెచ్చుకుని ఉంటారు. చందవరంలో తవ్వకాలప్పుడు తీసిన పాత ఫోటో దొంగతనాన్ని పట్టిచ్చింది. 2016లో ఆస్ట్రేలియా ఆ ఫలకాన్ని భారత్‌కు అప్పగించింది. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి ఫలకాల గురించి మనకు తెలిసినంతగా ఇది తెలియదు. దొనకొండలో దిగినవాళ్లను అడిగినా, బ్రిటిష్ వాళ్ల కాలపు విమానాల మైదానానికి దారి చెప్పినంత తేలిగ్గా స్తూపానికి చెప్పలేరు.

స్తూపం చుట్టూ ప్రదక్షిణగా నడిస్తే ఒక వైపు గుండ్లకమ్మ లోయ అంతా కనిపిస్తుంది. కంభం సందులో ఆగి, మిగిలినది ఇక్కడి దాకా వచ్చిన ఏరు. వేసవిలో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. భిక్షువులు కొండ ఎక్కడానికి కారణం ధ్యానమే అయివుండొచ్చు. దిగడానికి కారణం మాత్రం ఆ నీళ్లే.

వెళ్లాలనుకుంటే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ వైపు నడవడానికి వీలు. మార్చి దాటితే పొద్దున తొమ్మిదిలోపే నడక ముగించాలి. గుంటూరు, గుంతకల్ లైను మీద దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు వరుసగా వస్తాయి. విజయవాడ నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతుంది. త్రిపురాంతకానికి, చందవరానికి ఎక్కితే తాగునీళ్లు వెంట తీసుకెళ్లండి. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణా నీళ్లు వస్తే తీరుతుందని 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఎదురుచూస్తున్న బాధ ఇది. శ్రీశైలం కూడా కలుపుకుందామనుకుంటే దోర్నాల చెక్‌పోస్టును రాత్రి తొమ్మిదిలోపే దాటండి. ఆ తర్వాత తెల్లవారి ఆరు దాకా గేటు తీయరు. ఆ దారి ఆ వేళ పులులది.